తెర వెనక కూర్చున్న కనకం

చిన్నతనంలో కనకం సినిమాలన్నీ తెర వెనకనుంచే చూసింది. బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో వినాయక చవితికి ఏటా ఒక తెలుగు సినిమా వేసేవారు. రెండు గుంజల మధ్య తెల్లగుడ్డ కట్టేవారు. ప్రొజెక్టరు ఉన్నవైపు డ్రైవర్లు, గార్డులు, ఆఫీసు గుమాస్తాలు కుటుంబాలతో బెంచీల మీద కూర్చునేవారు. పట్టాలు బాగుచేసే గాంగ్‌మన్లు, సఫాయి పనివాళ్లు, వాళ్ల పిల్లలు గుడ్డకి అవతల, గడ్డిలో. "బొమ్మ అటూ పడుతుంది కదా, ఇంకేం కావాలి?" అనేవారు కమిటీ పెద్దలు. బొమ్మ పడేది, నిజమే. కాకపోతే తిరగబడి పడేది. కుడి ఎడమయ్యేది. పేర్లు అద్దంలో రాతలా కనబడేవి. ఆ పేర్లు చదవగలిగినవాళ్లు గడ్డి పక్క పెద్దగా లేరు గనక ఎప్పుడూ గొడవ రాలేదు. చందా మాత్రం రెండు పక్కలా వసూలు చేసేవారు.

కనకం తండ్రి అప్పలస్వామి గాంగ్‌మన్. శ్రీకాకుళం పక్కనుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చి పట్టాల పనిలో చేరాడు. అతనిది పుర్రచేతి వాటం. సుత్తి ఎడమచేత్తో ఎత్తితే పక్కవాడు తప్పుకోవాలి. అందుకని రోజూ గాంగు పెద్ద మేటు చేత తిట్లు తినేవాడు. "పుర్రచెయ్యోడా" అన్నదే అతని పేరయిపోయింది. అతనూ పలికేవాడు.

ఒక ఏడాది చిలక కథ వేశారు. మనందరికీ తెలిసిన కథే. రాజకుమారిని ఎత్తుకుపోయిన మాంత్రికుడు, ఏడు సముద్రాల అవతల చిలకలో వాడి ప్రాణం, వెతుక్కుంటూ పోయే రాజకుమారుడు. కోట తలుపు దగ్గర రాజకుమారుడు కత్తి దూసేసరికి గడ్డిలోంచి కనకం లేచి నిలబడింది.

"అయ్యా! ఈడిదీ పుర్రచెయ్యే!"

అందరూ తెర వదిలేసి అప్పలస్వామి వైపు తిరిగారు. అతను పగలబడి నవ్వి, "అవునేటే! మా వంశమే అయ్యుంటాడు" అన్నాడు. ఆ మర్నాటినుంచి గాంగులో వాళ్లు అతన్ని "రాజకుమారుడా, సుత్తి అందుకో" అని పిలవడం మొదలుపెట్టారు. వేళాకోళమే. అయినా పాత పేరుకన్నా నయం. తండ్రి పోయి చాలా ఏళ్లయినా కనకం ఆ సంగతి మాత్రం మనసులో దాచుకుంది.

ఇప్పుడు కనకానికి అరవై దగ్గర పడుతున్నాయి. వాషింగ్ లైన్‌లో కాంట్రాక్టరు కింద బోగీలు కడుగుతుంది. తన తండ్రి వేసిన పట్టాలమీదే వచ్చి నిలబడే బోగీలు. క్వార్టరు లేదు, రైలు పాసు లేదు, పెన్షన్ లేదు. మోకాళ్ల నొప్పులున్నాయి. లైను అవతల బస్తీలో మనవరాలు సౌభాగ్యతో ఉంటుంది. ఆ పిల్ల కాలేజీలో చదువుతోంది. సగం హిందీలో మాట్లాడుతుంది, తెలుగు చదవమంటే నవ్వేస్తుంది.

ఈ దసరాకి చిలక కథ మళ్లీ కొత్తగా సినిమాగా వస్తోంది. ట్రైలర్ వచ్చిన రోజునుంచి బోగీలు కడిగే డిపో గేటు బయట టీకొట్టు దగ్గర ఇంకో మాట లేదు. లోకో షెడ్డులో పనిచేసే దిలీప్ అక్కడి అభిమానులకి నాయకుడు. సాయంత్రం డ్యూటీ దిగి, తడిసిన కాళ్లు తుడుచుకుంటూ కనకం బల్లమీద కూలబడేసరికి వాదన మంచి పాకాన ఉంది. సౌభాగ్య కూడా మామ్మని ఇంటికి తీసుకెళ్లడానికి వచ్చి అక్కడే ఇరుక్కుంది.

"అది చిలకా భయ్యా? జాతరలో అమ్మే ప్లాస్టిక్ బొమ్మ" అన్నాడొకడు.

"ఫోన్లో చూస్తే అలాగే ఉంటాది. పెద్ద తెరమీద చూడు, మతి పోద్ది" అన్నాడు దిలీప్.

"రాజకుమారే వెళ్లి చిలకని పట్టుకుంటాదట. ఇంక హీరో ఎందుకు?"

"ఎందుకేటి, సామాన్లు మొయ్యడానికి" అంది సౌభాగ్య.

అందరూ నవ్వారు. దిలీప్ మాత్రం నవ్వలేదు. "బాగుంటాదనీ ఉంది, పాడుచేస్తారేమోననీ ఉంది. పాత సినిమా కథ మా నాన్న నోట విని పెరిగినోళ్లం. నీకెలాగుంది మామ్మా?" అన్నాడు.

కనకం అతని ఫోను దూరంగా పట్టుకుని ట్రైలర్ చూసింది. "బాగానే ఉంది బాబూ. గాని ఈడేటి, కత్తి కుడిచేత్తో తిప్పుతున్నాడు? పుర్రచేత్తో కదా తిప్పాల."

"ఎవరు చెప్పారు?"

"సెప్పడవేటి, సూసినాను! పాత సినిమాలో పుర్రచెయ్యే. మా అయ్యనాగ."

దిలీప్ ఫోనులో పాత సినిమా ముక్క వెతికి పెట్టాడు. కోట తలుపు, రాజకుమారుడు, కత్తి. కుడిచెయ్యి. మళ్లీ పెట్టాడు. మళ్లీ కుడిచెయ్యే.

"ఏటి మామ్మా, నువ్వు ఉల్టా చూసినావా?" అని ఎవరో అన్నారు. టీకొట్టు గొల్లుమంది.

కనకం ఫోను తిరిగిచ్చేసింది. "అవును బాబూ. ఉల్టాయే సూసినాను. మమ్మల్ని గుడ్డకి ఆ పక్క కూకోబెట్టీవోరు."

నవ్వు ఆగింది. సౌభాగ్య తెల్లబోయింది. "మత్‌లబ్, పర్దా కే పీఛే? తెర వెనకా? ఎందుకు మామ్మా?"

"ఎందుకంటే ఏటి సెప్తాం? గాంగోళ్లం కదా." తనలో తను అన్నట్టు అంది: "బొమ్మ ఉల్టా పడతాదని మా అయ్యకి తెలీదేటి? పెద్దోడు, తెలీకుండా ఉంటాదా? తెలిసే ఊరుకున్నాడు."

ఇంటికి వెళ్తూ పట్టాలు దాటేటప్పుడు కనకం, "ఒక్కపాలి ముందుపక్కన కూకుని సూడాలే. ఆడు కుడిచేత్తో తిప్పితే ఎలగుంటాదో" అంది. సౌభాగ్యకి గుర్తున్నంతలో మామ్మ తనకోసం ఏదైనా కావాలనడం అదే మొదలు.

ఇక్కడి థియేటర్లలో ఈ సినిమాకి హిందీ డబ్బింగే వేస్తారు. అందుకని తెలుగులో ఒక్క ఆట కోసం మన తెలుగు సంఘం హాలు మాట్లాడింది. పాసులు సభ్యులకి. సభ్యత్వం పర్మనెంటు ఉద్యోగులకి, పెన్షనర్లకి. కాంట్రాక్టువాళ్లకి లేదు. సౌభాగ్య కార్యదర్శి చంద్రమౌళి గారింటికి వెళ్లి, మామ్మకి ఒక్క సీటు అడిగింది. ఆయన చెడ్డవాడు కాదు. కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చాడు.

"రూల్ ఉందమ్మా. మిగిలితే చూద్దాం."

"సీపత్ కరెంటు ప్లాంటు ఇంజనీర్లు సభ్యులు కాదు కదా అంకుల్? వాళ్లకి రెండు వరసలు ఇచ్చారట."

"వాళ్లు అతిథులమ్మా." ఆయన కాస్త ఇబ్బంది పడి, అంతలోనే దారి దొరికినట్టు ముఖం విప్పాడు. "అచ్ఛా, ఇలా చేద్దాం. ఇంటర్వెల్‌లో టిఫిను పంచడానికి ఆడవాళ్లు కావాలి. మీ మామ్మని రమ్మను. పనయ్యాక తలుపు దగ్గర నిలబడి చూసుకోవచ్చు. ఎవరూ ఏమీ అనరు."

ఎవరూ ఏమీ అనరు. నిజమే. గుడ్డకి అవతల కూర్చుంటే అప్పుడూ ఎవరూ ఏమీ అనలేదు.

ఆ మాట సౌభాగ్య ఇంటికొచ్చి చెప్పినప్పుడు కనకం బియ్యం కడుగుతోంది. ఆ పిల్ల కోపంతో ఊగిపోతోంది. కనకానికి కోపం రాలేదు. కోపానికి కూడా ఒంట్లో కాస్త ఓపిక ఉండాలి.

"ఎల్లనని సెప్పీ" అంది.

"తలుపు దగ్గరైనా తెర ముందునుంచే కదా మామ్మా, కనబడతాది కదా..."

"మా అయ్య నవ్వీసి ఊరుకున్నాడు. నాను నవ్వలేనే. కాళ్లు నొప్పి." అని బియ్యం పొయ్యిమీద పెట్టింది.

ఇది చదివేవాళ్లలో చాలామంది ఆ సంఘంలో సభ్యులే. కొందరు ఆ రోజుల్లో బెంచీల మీద కూర్చున్నవాళ్లు, మిగతావాళ్లు వాళ్ల పిల్లలు. బోగీలు కడిగే కనకాన్ని మీరు చూసే ఉంటారు, బోగీ శుభ్రంగా ఉందనుకుని ఎక్కి కూర్చునే ఉంటారు. సినిమా ఇంకా రాలేదు. పాసులు ఇంకా పంచలేదు. దసరా ముందు సంఘం సమావేశం ఉంది. వెళ్లండి. టీ తాగి వచ్చేయకుండా, లేచి నిలబడి అడగండి: వాషింగ్ లైన్ వాళ్లు ఎక్కడ కూర్చుంటారు? "మిగిలితే" అనే జవాబు వస్తే మీ పాసు బల్లమీద పెట్టేయండి. టిఫిను మనమే పంచుకుందాం, మనకీ చేతులున్నాయి. కుడివో ఎడమవో.

బిలాస్‌పూర్‌లో లేనివాళ్లు మీ కాలనీ పండగ పందిట్లోకి ఒకసారి వెళ్లి చూడండి. అక్కడ నిలబడి చూస్తున్నదెవరో కనుక్కుని, పక్కకి జరిగి చోటివ్వండి.

కనకం రానంది. అడగడానికి మళ్లీ ఆవిడ దగ్గరికి మనమే వెళ్లాలి. కుర్చీ ఖాయం చేసుకుని వెళ్లండి.