గీతలతోపాటు వాన గూడ పోయింది

ఇయ్యాల పొద్దున గద్వాలల నా వీడియో క్యాసెట్ల దుకాణానికి అయిజ నుంచి హుసేన్‌బీ అనే పెద్దమ్మ వచ్చింది. ఆమె అడిగిన నలుపు తెలుపు సినిమాను నేను ఎండకాలమంత కూసోని బాగుచేసిన. అయిజల మూతబడ్డ టెంటు టాకీసుల దొరికిన రీలు నిండ గీతలే ఉండె. వనపర్తిల ఇంకో రీలు దొరికితే, పాడైన ముక్కలు తీసి, దాంట్లోని మంచి ముక్కలు అతికించి, కొత్తగ క్యాసెట్‌కు ఎక్కించిన.

కొనేముందు జర చూస్తనంటే వీసీఆర్ల పెట్టిన. హీరోయిన్ ఇల్లు విడిచిపోయే సీను రాంగనే ఆమె ముఖం చిన్నబోయింది.

"వాన ఏది బిడ్డా?" అన్నది.

"ఆ సీన్ల వాన లేదమ్మా. అప్పుడు టాకీసుల రీలు మీది గీతలు మీకు వానలెక్క కనబడ్డయి," అన్న.

"కావచ్చు. గని ఆ పిల్ల వానల తడుస్తున్నదని మా ఆయన నా పక్కన కూసోని ఏడ్సిండు. ఆయన ఏడ్వంగ నేను చూసింది గదొక్కపారే," అన్నది.

బాగుచెయ్యకముందు ఎక్కించుకున్న క్యాసెట్ ఒకటి నా దగ్గరుండె. అది పెట్టిన. తెర నిండ గీతలు పడుతుంటె ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకొని చూసింది. తర్వాత ఆ క్యాసెట్టే సంచిల పెట్టుకొని అయిజ బస్సెక్కింది.

ఎండకాలమంత పడ్డ కష్టానికి మొదటి గిరాకీ గిట్లయింది. మీరైతే ఆమెకు ఏ క్యాసెట్ ఇస్తుంటిరి? జర చెప్పుండ్రి.