వేడి తెలియని వేలు

ఇస్త్రీ బాబాయికి వేలే కొలత. పెట్టెను బల్ల మీద నిలబెట్టి, దాని అడుగును చూపుడు వేలి కొనతో ఇలా తాకి అలా తీసేవాడు. నూలుకి ఎంత వేడి, పట్టుకి ఎంత అన్నది ఆ వేలికే ఎరుక. పెట్టెకున్న వేడి పెంచే, తగ్గించే మీటను ఆయన ఏనాడూ ఖాతరు చేయలేదు. భార్యను మాత్రం పెట్టె దరిదాపులకు రానిచ్చేవాడు కాదు. పెళ్ళయిన కొత్తలో ఆవిడ ఎవరిదో కాలరు మాడ్చింది. ఆ ముచ్చట కొట్టుకు వచ్చిన ప్రతివాడికీ చెప్పందే ఆయనకు పొద్దుపోదు.

అలాంటి మనిషి ఈమధ్య వరసగా చొక్కాలు మాడ్చాడు. "వయసు మీద పడితే అంతే" అన్నారు వీధివాళ్ళు. మొదట చూసిన డాక్టరూ ఆ మాటే అని బలానికి మాత్రలు రాశాడు. పాపం వయసు, ఎవరు ఏ నింద వేసినా నోరెత్తదు.

ఒక మధ్యాహ్నం బట్టలు మడతపెడుతూ పిన్ని ఆయన వేలి మీద బొబ్బ చూసింది.

"ఇదెప్పుడు కాలింది?"

"ఏది?" అన్నాడు బాబాయి.

నిజంగానే తెలియదు. గుడ్డలో సన్నటి ముడత ఉన్నా వేలికి తగులుతోంది, వేడి మాత్రం తెలియడం లేదు. అప్పుడు భయపడ్డాడు. ఆ వేలు పోతే కొట్టు ఉన్నా లేనట్టే.

పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ చేతులు పరీక్షించి మెడకు స్కానింగ్ తీయించింది. వెన్నుపాము లోపల చిన్న గడ్డ.

"వేలు బాగోలేదంటే మెడ చూశారేంటమ్మా?" అన్నాడు బాబాయి.

"వేలి కబురు మెడలోంచే పైకి వెళ్ళాలి. ఇలాంటి గడ్డలు చాలా అరుదు. పిల్లల్లో ఎక్కువగా వేరే రకం వస్తుంది, పూర్తిగా తీయడం కష్టం. మీ వయసులో, ఈ చోట వచ్చేది మామూలుగా నరాల్లో కలిసిపోకుండా విడిగా ఉంటుంది, తీసేయొచ్చు. పోయిన వేడి మళ్ళీ తెలుస్తుందని మాత్రం మాటివ్వలేను."

"ఇన్నాళ్ళకి మీ వయసు ఒకందుకు పనికొచ్చింది" అంది పిన్ని.

గడ్డ తీశారు. పరీక్షలో అది డాక్టరమ్మ అనుకున్న రకమేనని తేలింది. చేతుల్లో పట్టు మిగిలింది, వేడి మాత్రం తిరిగి రాలేదు.

కొట్టు తెరిచిన రోజు బల్ల మీద తెల్ల చొక్కా పరిచి, పెట్టె వేడెక్కాక అలవాటుగా వేలు చాపాడు. మధ్యలోనే ఆపేశాడు. మీట చూశాడు. దాని మీద అక్షరాలు ఎప్పుడో అరిగిపోయాయి. పెట్టెను పిన్ని వైపు తిప్పాడు.

"చూడు" అన్నాడు.

ఆవిడ వేలి కొనతో తాకి తీసింది.

"ఇంకాస్త ఆగాలి."

బాబాయి ఆగాడు. ఆ రోజు కొట్టుకు వచ్చినవాళ్ళెవరికీ కాలరు ముచ్చట చెప్పలేదు.