అంపైర్ పట్టిన క్యాచ్

నేను పొట్టేలు తొడకు ఆశపడి మ్యాచ్ అమ్ముకున్నానని చొప్పదండిలో మా అత్తగారి తరఫు వాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. అబద్ధం. నేను చేసింది అంతకంటే తెలివితక్కువ పని. మీరు నవ్వినా సరే, జరిగింది జరిగినట్టు చెప్పేస్తాను.

ఎనభైల నాటి మాట. శ్రీరాంపూర్ బొగ్గుగనిలో కొత్త ఉద్యోగం, కొత్త పెళ్లి. మా కాలనీ జట్టును అత్తగారి ఊరి జట్టుతో ఆడించడానికి తీసుకెళ్లాను. గెలిచినవాళ్లకు పొట్టేలు. రెండు వైపులా కావలసినవాణ్ని కాబట్టి అంపైర్‌గా నన్నే నిలబెట్టారు. నా మెడ కొంగ మెడలా సాగిపోయింది.

మా కాలనీ పద్ధతి ఒకటి చెప్పాలి. ఎప్పుడూ ఎవరో ఒకరు డ్యూటీలో ఉండి ఆటకు మనిషి తగ్గేవాడు. అందుకని అంపైరే రెండు జట్లకూ ఫీల్డింగ్ చేసేవాడు, క్యాచ్‌లూ పట్టేవాడు. లోకమంతా అంతే అనుకున్నాను.

చివరి బంతి. చొప్పదండికి రెండు పరుగులు కావాలి. మా బావమరిది శ్రీను బంతిని బౌలర్ నెత్తి మీదుగా లేపాడు. వదిలేస్తే పత్తిచేను దాకా పోయేది. అరటిపండు చూసిన కోతిలా ఎగిరి ఒంటిచేత్తో పట్టేశాను. అంతటితో ఆగానా? రెండో చేతి వేలు పైకెత్తాను.

"బావా, నువ్వు అంపైర్‌వి గదా?" అన్నాడు శ్రీను.

"అయితే?"

"అంపైర్ పడితే అవుట్ ఎట్లయితది?"

"మా దిక్కు గట్లనే అయితది."

మా కాలనీ కెప్టెన్ మల్లేశ్ అప్పటికే పొట్టేలు తాడు విప్పుతున్నాడు. "బంతి కింద పడ్డదా? పడలే. ఇగ క్యాచే గద" అన్నాడు.

మామగారు కండువా దులుపుకుంటూ వచ్చారు. "అల్లుడా, జర సోంచాయించి చెప్పు. నువ్వు ఎవ్వల దిక్కు ఆడుతున్నవ్?"

"రెండు దిక్కులు, మామా."

"మరి గీ క్యాచ్ మా దిక్కు పట్టినవనుకుంటే?"

ఎత్తిన వేలు దించడానికి సిగ్గేసి అలాగే ఉంచాను. పొట్టేలు శ్రీరాంపూర్ లారీ ఎక్కింది. కొత్తల్లుణ్ని కాబట్టి నేను మాత్రం అక్కడే ఉండిపోయాను.

ఆ సాయంత్రం అత్తమ్మ నా కంచంలో పప్పు వేసి, పక్కన ఒక గిన్నె పెట్టింది.

"మసాల పొద్దుగాల్నే నూరిపెట్టిన బిడ్డా. వాసన చూస్కుంట తిను."

శ్రీనూ, ఇన్నేళ్లకు ఒప్పుకుంటున్నాను, నువ్వు నాటౌట్. ఆ పప్పు సాక్షిగా నేనొక ఒట్టు పెట్టుకున్నాను: గాల్లో ఉన్న వస్తువును ఈ జన్మలో పట్టను. మొన్న అటక మీద నుంచి మా ఆవిడ చేతిలోని ఇత్తడి బిందె జారింది. "జర పట్టుండ్రి" అని అరిచింది. చేతులు కట్టుకుని నిలబడ్డాను. బిందెకు సొట్ట పడింది. నా ఒట్టుకు పడలేదు.