దేవుని తోడని నేను ఆడిన అబద్ధం

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, పోయిన సంవత్సరం ఆరు నెలల పాటు నా కుడి చెయ్యి వణికింది. గ్లాసు పట్టుకుంటే వణికేది, సంతకం పెడితే వణికేది, ప్రార్థనలో చేతులెత్తితే అందరికీ కనబడుతుందని నేను ఎత్తడమే మానుకున్నాను. తిరుపతిలో పెద్ద డాక్టరు నరాల పరీక్ష, రక్త పరీక్ష, తలకు స్కాను మూడూ చేయించి, మూడింటిలోనూ ఏమీ లేదన్నారు. ఏముందో నాకు మాత్రం తెలుసు.

నేను కెమిస్ట్రీ చదివి, ఒక నీటి పరీక్షల ల్యాబులో కాంట్రాక్టు టెక్నీషియన్‌గా చేరాను. ఊళ్ళ నుంచి బోరు నీళ్ళు సీసాల్లో వస్తాయి, తాగవచ్చో కూడదో మేము పరీక్షించి రాయాలి. అద్దకం షెడ్ల పక్కనున్న ఒక ఆడపిల్లల హాస్టల్ నీళ్ళు పనికిరావని నేను రెండుసార్లు రాశాను, రెండుసార్లూ మా ఇన్‌చార్జి పాత నెల అంకెలు వేయించి తాగవచ్చని పంపించారు. పిల్లలు అవే నీళ్ళు తాగుతున్నారు! నేను ప్రార్థన చేసుకొని, పేరు లేకుండా పై అధికారులకు ఉత్తరం రాశాను. పేరైతే రాయలేదు గాని, నా తెలివి చూడండి, 1, 1(ఎ), 1(బి) అని నంబర్లు వేసి, చివర 'జతపరచినవి' అని పట్టిక కూడా పెట్టాను. మా ల్యాబులో అలా రాసేవాణ్ణి నేనొక్కణ్ణే.

పై ఆఫీసు వాళ్ళు ఎప్పుడూ చేసేదే చేశారు. 'విచారించి నివేదిక పంపవలెను' అని ఉత్తరం మీద రాసి, ఫిర్యాదు ఎవరి మీదో ఆయనకే పంపించారు.

ఇన్‌చార్జి స్టాఫందరినీ పిలిచి ఆ కాగితం ఊపుతూ, "ఏమప్పా ప్రసాదూ, ఆకాశరామన్న ఉత్తరం గూడా ల్యాబు రిపోర్టు మాదిరి రాసినావే! నీ పెండ్లి పత్రిక గూడా ఇట్నే నంబర్లేసి కొట్టిస్తావా ఏంది?" అన్నారు. అందరూ నవ్వారు.

"దేవుని తోడు సార్, నేను రాయలేదు" అన్నాను.

"అట్లనా? అదే రాసియ్యి."

రాసి సంతకం పెట్టాను. ఆ కాగితం జతచేసి, ఫిర్యాదు నిరాధారమని ఆయన నివేదిక పంపారు, ఫైలు మూసేశారు. నిజం రాసింది నేనే, దాన్ని పూడ్చిపెట్టిందీ నా సంతకమే, అది కూడా పరిశుద్ధుడైన దేవుని పేరు పెట్టి! ఆ వారంలోనే వణుకు మొదలైంది.

పవర్‌లూమ్ షెడ్డులో పనిచేసి నన్ను చదివించిన మా అమ్మ రోజూ నా చెయ్యి పట్టుకొని, "తండ్రీ, నా బిడ్డ చెయ్యి బాగుచెయ్యి" అని ఏడ్చేది, నేను ఆమేన్ అనేవాణ్ణి, అసలు సంగతి చెప్పేవాణ్ణి కాదు. ఒక శుక్రవారం ఉపవాస ప్రార్థనలో పాస్టరుగారు నా చేతి కోసం ప్రార్థిస్తుంటే ఇక ఆపుకోలేకపోయాను. "ప్రభువా, చెయ్యి తర్వాత, ముందు నా నోరు బాగుచెయ్యి, నీ పేరు మీద అబద్ధమాడినాను, క్షమించు" అని అందరి ముందూ ఏడ్చి, హాస్టల్ నీళ్ళ సంగతంతా చెప్పాను. అమ్మ నన్ను ఓదార్చలేదు. "ఈడ చెప్తే యాడ సరిపోతాది నాయనా? ఆ పిల్లోళ్ళు తాగేది అవే నీళ్ళు గదా. వినేవాళ్ళుండే తావుకు పోయి చెప్పు" అంది.

దేవుని కార్యం చూడండి! తప్పులు బయటపెట్టేవారికి రక్షణ ఇచ్చే చట్టాన్ని ఇంకా గట్టిగా చేయాలని శాసనసభ్యుల కమిటీ ఒకటి తిరుపతికి వస్తోందని, లోపల చెప్పింది బయటికి రాదని, మన సంఘంలోని లాయరు అన్న ఆ వారమే చెప్పారు. బస్సెక్కాను. దారిలో వడమాలపేటలో దిగి వెనక్కి వెళ్ళిపోదామనిపించింది. నేను రాయలేదని సంతకం పెట్టినవాణ్ణి, ఇప్పుడు రాశానంటే ఎవరు నమ్ముతారు, ఉద్యోగమూ పోతుంది. "ప్రభువా, నన్ను ఈ సీట్లోనే కూర్చోబెట్టు" అని ఒక్కటే ప్రార్థన చేస్తూ వెళ్ళాను.

కమిటీలో అంతా విని, నేనిచ్చిన ఆ కాగితం నకలు చూపిస్తూ ఒక శాసనసభ్యురాలు అడిగారు. "అయితే ఈ సంతకం నీదే గదా?"

"నాదే మేడమ్. అందులో ఉండేది అబద్ధం."

"ఆ పొద్దు భయపడినవాడివి, ఈ పొద్దు ఎట్లొచ్చినావు?"

"భయం ఇప్పుడూ ఉండాది మేడమ్. దేవుడు గూడా ఉన్నాడు."

చట్టంలో ఏముండాలని అడిగారు. తొమ్మిది అంశాలు రాసుకొని వెళ్ళాను గాని, కాగితం వణికి చదవలేకపోయాను. ఒక్కటే చెప్పాను. "ఎవరి మీద ఫిర్యాదో ఆ మనిషి చేతికి ఆ ఉత్తరం పోకూడదు మేడమ్." ఆమె తన చేత్తో దాన్ని రాసుకున్నారు.

ఆ తర్వాత కమిటీ చెబితే వేరే ల్యాబు వాళ్ళు హాస్టల్‌కు వచ్చి నీళ్ళు తీసుకెళ్ళారు. బోరుకు సీలు పడింది. పిల్లలకు ఇప్పుడు ట్యాంకరు నీళ్ళు వస్తున్నాయి, దేవునికే మహిమ! నా కాంట్రాక్టు పొడిగించలేదు, నీటి శుద్ధి యంత్రాలు బాగుచేసే పని చేసుకుంటున్నాను. చట్టంలో మార్పు ఇంకా చర్చల్లోనే ఉంది. నా చెయ్యి పూర్తిగా బాగైందని చెప్పి మళ్ళీ అబద్ధమాడను, పొద్దున పూట కొంచెం వణుకుతుంది. కాని అదే చేతిని ఈ ఉదయం ఆరాధనలో ఎత్తాను.

ఆ చట్టం కోసం కూర్చుని పనిచేస్తున్న వారికి దేవుడు ధైర్యం ఇవ్వాలని ప్రార్థించండి. మీలో ఎవరైనా నిజం తెలిసి నోరు మూసుకొని నలిగిపోతుంటే, చట్టం గట్టిపడేదాకా ఆ బరువు ఒంటరిగా మోయవద్దు, ప్రభువును నమ్మి చూడండి, ఆయన నాలాంటి పిరికివాణ్ణే నిలబెట్టాడు. ఆరాధన అయ్యాక నేను వెనక బెంచీ దగ్గర ఉంటాను. రండి, కలిసి మోకరిద్దాం.