మూఢంలో ఆగిన సంతకం

మూడేళ్ల కిందట ఒక అమ్మాయికి పరిశోధన సీటు నా వల్ల పోయింది. ఈ మాట ఆమెతో ఇంతవరకూ చెప్పలేదు.

నేను ఒక ప్రైవేటు కాలేజీలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చెబుతాను. జూబ్లీహిల్స్‌లో ఉండే ఒక సినీ నిర్మాత, తండ్రి పేరిట ట్రస్టు పెట్టి, ఏటా మా శాఖ విద్యార్థి ఒకరి పరిశోధన ఖర్చు భరిస్తారు. ఆ ఒక్కరినీ ఎంచి చెప్పే పని నాది. ఆ ఏడు ఎంచింది మా దగ్గరే ఎం.టెక్ చేసిన షేక్‌పేట అమ్మాయిని. తండ్రి ఫిల్మ్‌నగర్ యూనిట్లలో లైట్‌మ్యాన్. జనరేటర్ కాస్త తడబడితే షూటింగ్ లైట్ల వెలుగు మినుకుమంటుంది. కంటికి కనబడదు, కెమెరా మాత్రం పట్టేస్తుంది. షాట్ పాడవుతుంది, తిట్లు లైట్‌మ్యాన్ తింటాడు. ఆ మినుకును ఆపే సర్క్యూట్ మీద ఆమె పనిచేస్తోంది.

వేరే రాష్ట్రంలోని ఒక పెద్ద విద్యాసంస్థ ఆమెను పిహెచ్‌డీకి తీసుకుంటానంది. అక్కడి ఫెలోషిప్పులు అప్పటికే నిండిపోయాయి. అందుకని, ఖర్చు మాదేనంటూ ట్రస్టు రాసిన లేఖ నెలాఖరులోగా అందాలని షరతు పెట్టింది.

లేఖ తయారైంది. మేనేజరు ఫైలు తెచ్చిన రోజున నేనూ నిర్మాత ఆఫీసులోనే ఉన్నాను. ఆయన ఫైలు తెరవకుండానే పక్కకు నెట్టారు.

"మూఢం నడుస్తోంది కదయ్యా. ఇప్పుడు మంచి పనికి సంతకమేంటి? పోయినేడాది మూఢంలో కొబ్బరికాయ కొట్టినోడి సినిమా ఏమైందో చూశావుగా. మొదటి ఆటకి వాడి చుట్టాలే రాలేదు."

గదిలో అందరూ నవ్వారు. ఆయన నా వైపు తిరిగారు.

"మీ కరెంటుకి మూఢం లేదనుకోండి, ప్రొఫెసర్ గారూ. మాకుందండీ. వచ్చే నెల పదో తారీఖు దాటాక పెడతాను. పర్లేదుగా?"

నెలాఖరుకు తొమ్మిది రోజులున్నాయి. గడువు సంగతి ఆ గదిలో తెలిసింది నాకొక్కడికే. మేనేజరుకు రాసిన కాగితంలో ఆ తేదీ వేయడం నేనే మరిచాను. నోరు విప్పితే ఆ పొరపాటు బయటపడుతుంది. పైగా అదే బల్ల మీద మరో ఫైలుంది. నా ల్యాబ్‌కు పరికరాలు కొనిపెట్టమని నేను పెట్టుకున్న దరఖాస్తు అది.

"పర్లేదండీ," అన్నాను.

రెండు రోజులకు ఆ అమ్మాయి ఫోన్ చేసింది. "సార్, లెటర్ గీ వారంల పోకపోతే సీటు వేరేటోళ్లకు ఇస్తరంట. మీరు ఒక్క మాట చెప్తే అయితది సార్."

"వస్తుందమ్మా, కంగారు పడకు," అన్నాను. ట్రస్టు తరఫున ఆమెను ఎంచినవాడిగా ఆ సంస్థకు నేనే ఒక ఉత్తరం రాసి పదిహేను రోజులు గడువు అడగవచ్చు. ఆ మాట నిర్మాత చెవిన పడితే ఏమనుకుంటారోనని రాయలేదు. గడువు దాటింది. సీటు ఇంకొకరికి వెళ్లింది.

పలకరించడానికి వాళ్లింటికి వెళ్లాను. రెండు గదుల కిరాయి ఇల్లు. తండ్రి నన్ను మంచం మీద కూర్చోబెట్టి, తాను కింద కూర్చున్నాడు.

"అడిగి చూశాను. మూఢమని వినలేదు," అన్నాను. ఎవరూ నన్నేమీ అడగకముందే అన్నాను.

తండ్రి నవ్వాడు. "మాకు ఎరుకే కద సారూ. ముహూర్తమని తెల్లారక ముందే పిలుస్తరు. లైట్లన్నీ ఎక్కిస్తం. దేవుని పటం మీద ఒక్క షాట్ తీసి ప్యాకప్ అంటరు. మీరైతే మా బిడ్డ కోసం పెద్దాయనతోని మాట్లాడిండ్రు. గంత ఎవలు చేస్తరు?"

"మీరేం ఫికర్ చెయ్యకుండ్రి సార్," అంది ఆమె. నన్నే ఓదార్చింది. వాళ్లిచ్చిన చాయ్ తాగి వచ్చేశాను.

మూఢం వెళ్లాక నా ఫైలు మీద సంతకం పడింది. ఆమె ఒక పాలిటెక్నిక్‌లో గంటల లెక్కన పాఠాలు చెప్పడానికి చేరింది.

రెండు నెలల కిందట మళ్లీ ఫోన్ చేసింది. వేరే సంస్థకు దరఖాస్తు పెడుతోందట, సిఫారసు లేఖ కావాలట. "నా సంగతి మీకన్న మంచిగ ఎవలు రాస్తరు సార్?" అంది.

ఆ ఫారంలో ఒక గడి ఉంది. చదువు ముగిశాక మూడేళ్లు ఎందుకు ఖాళీ వచ్చిందో సిఫారసు చేసేవారే వివరించాలి. ఒక పూటంతా దాని ముందు కూర్చున్నాను. 'నా నిర్లక్ష్యం వల్ల' అని రాసి కొట్టేశాను. చివరికి 'ఆర్థిక సహాయం సకాలంలో అందనందున' అని నింపి పంపాను. మూడేళ్ల ఖాళీకి ఆ కారణం చాలదని చెప్పి వాళ్లు ఆమెను ఇంటర్వ్యూకు పిలవలేదు.