నంజప్ప గెలిచిన పందెం

పేరు చెప్పకుండా నేను రాస్తున్న మొదటి సంగతి ఇదే. హోసూరు నుంచి కృష్ణగిరి దాకా గోడలమీద నా పేరు నేనే రాయించుకున్న రోజులున్నాయి, ‘కార్ల పందెంలో మెరుపు’ అని. ఆ మెరుపును ఇన్నేళ్లుగా మోస్తున్నాను. మెరుపుకు బరువుంటుందా అని మీరు అడగవచ్చు. నాదానికి ఉంది.

తొంభైల్లో బేరిగై దగ్గర బీడునేలలో కార్ల పందెం పెట్టారు. నాకు నాన్న ఇనుపసామాన్ల కొట్టు, ఒక పాత కారు, బోలెడంత నోరు ఉండేవి. ఆ కారును బాగుచేసి, నడిపి చూసి, నాకు అప్పగించే స్నేహితుడు నంజప్ప. గొర్రెలకాపరుల ఇంటివాడు. పందేనికి ముందు నా కళ్లెదుటే ఒక జీపు పల్టీ కొట్టింది. అందులోవాళ్లకు ఏమీ కాలేదు. నాకే అయింది. నా హెల్మెట్, నా చొక్కా నంజప్పకు తొడిగి పంపి, గుడారం వెనక దాక్కున్నాను.

ఆ పరుగు ఇప్పటికీ కలలాగే కనిపిస్తుంది. ఎర్రధూళి లేచి ఎండలో అలాగే నిలిచిపోయింది. చప్పుడంతా ఎక్కడో నీళ్ల అడుగున ఉన్నట్టుంది. ఆ ధూళిలోంచి నా కారు, నేనెన్నడూ చూడనంత మెత్తగా, మలుపు తిరిగి బయటికొచ్చింది. అది నా కారేనా?

గెలిచి గుడారంలోకి వచ్చాడు. “నువ్వే పోయి కప్పు తీసుకో నంజప్పా,” అన్నాను, మాటవరసకు.

“నాకెందుకప్పా? మా ఊర్లో ఎద్దు గెలిస్తే తోలినోడికా ఇస్తారు? ఎద్దుగలోడికే కదా. బండి నీది, నువ్వు పో. ముందు మొగానికి రోంత దుమ్ము పూసుకో, పెండ్లికొడుకు మాదిరి ఉండావు.”

కార్ల పందెంలో అలా కాదని, గెలుపు నడిపినవాడిదేనని చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? చెప్పలేదు. అతనే తన బుగ్గమీది ధూళి తీసి నా బుగ్గకు రాశాడు.

కొన్నాళ్లకు బెంగళూరు కార్ల పందేల జట్టువాళ్లు కొట్టుకు వచ్చారు. ఆ మలుపు అలా తిప్పిన మనిషి తమకు కావాలన్నారు. ఆ మనిషి అప్పుడు వీధిలో నా కారు కింద పడుకుని ఉన్నాడు. కాళ్లు మాత్రం కనిపిస్తున్నాయి. “పరాయి బండి నడపను,” అని వాళ్లను పంపేశాను. సొంత బండే నడపలేనివాణ్ణి.

నంజప్ప ఇప్పుడు బర్గూరులో గ్రానైటు లారీ తోలుతున్నాడు. నన్ను తోటి డ్రైవర్లకు ‘మా చాంపియన్’ అని చూపిస్తాడు.

భయపడినందుకు నన్ను నేను ఎప్పుడో మన్నించుకున్నాను. కానీ ఏనాడూ మూతపడని ఈ నోరు, ఆ కాళ్లు కనిపిస్తూ ఉండగానే, ఆ ఒక్క పేరు దగ్గర మూతపడినందుకు? తెలియదు. అతనికి ఎదురుగా చెప్పే ధైర్యం ఇంకా రాలేదు. మీకు చెబుతున్నాను. ఆ పందెం గెలిచింది నంజప్ప. వాళ్లు వెతుక్కుంటూ వచ్చింది నంజప్పను. ఇది రాశాక ఊపిరి, ఇన్నేళ్లకు, చివరిదాకా దిగింది.