అమ్మ కాలా, డాక్టరు సూదా

నడుము నొప్పి అని ఒక్కసారి నోరు జారితే చాలు, మా వైపు ప్రతి మనిషిలోనూ ఒక డాక్టరు నిద్ర లేస్తాడు. నా నొప్పి నడుములో మొదలై ఎడమ కాలి బొటనవేలి దాకా దిగి రెండేళ్లయింది. జనగామలో డాక్టరు ఎంఆర్ఐ ఫిల్మును వెలుతురుకు పట్టి చూసి, డిస్కు నరాన్ని ఒత్తుతోందన్నాడు. వెన్నులోకి స్టెరాయిడ్ సూది వేయించుకుంటారేమో ఆలోచించుకొని రమ్మన్నాడు. ఆలోచించే పని పాపం నాకొక్కడికే అప్పజెప్పాడు. మిగతావాళ్లు ఊరుకుంటారా?

భూపాలపల్లిలో బొగ్గుగనిలో పనిచేసే మా బావ ఈ సూది వేయించుకున్నవాడే. మూడు నెలలు పెళ్లికొడుకులా తిరిగాననీ, నాలుగో నెల మళ్లీ మంచమే గతి అయిందనీ ఫోనులో చెప్పాడు. మహబూబాబాద్‌లో మిర్చి పండించే బావమరిదికి, సూది వేయించుకున్న మనిషి ఒక్కడూ తెలియడు. అందుకే కాళ్లు పడిపోతాయని అంత గట్టిగా చెప్పగలిగాడు.

పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు. మా పెరటి చెట్టు మా అమ్మ. అమ్మ ఎదురుకాళ్లతో పుట్టింది. అలా తలకన్నా ముందు కాళ్లు బయటికొచ్చిన మనిషి తొక్కితే, పట్టేసిన నడుము వదులుతుందని మా దగ్గర నమ్మకం. నా చిన్నప్పుడు ఆదివారం పొద్దున మా ఊరు తరిగొప్పుల చుట్టుపక్కల నడుములన్నీ మా వాకిట్లో బోర్లా పడుకునేవి. అమ్మ గోడ పట్టుకుని, ఒక్కొక్కరి నడుము మీద మూడుసార్లు కుడికాలు మోపేది. సర్పంచులు కూడా ఆ కాలి కింద పడుకున్నారు. మా ఇంటికి దక్కిన రాజకీయ పలుకుబడి అంతే. చదువుకుని సైన్సు పంతులునయ్యాక, నాకు అదంతా చెప్పుకోవడానికే సిగ్గుగా ఉండేది.

మూడేళ్ల కింద అమ్మకు పక్షవాతం వచ్చి, సరిగ్గా ఆ కుడికాలే పడిపోయింది. అప్పటినుంచి రోజూ మంచం మీంచి కుర్చీలోకి, కుర్చీలోంచి బాత్‌రూముకి నేనే ఎత్తుకుపోతున్నాను. నా భార్య, పక్కింటామె కలిసి లేపుతామంటే అమ్మ ఒప్పుకోదు, పరాయి చెయ్యి తగలొద్దంటుంది. ఊరందరినీ తొక్కిన మనిషికి పరాయివాళ్లెవరో ఇప్పుడు గుర్తొచ్చింది. నా నడుము ఎందుకిలా అయిందో చెప్పడానికి ఎంఆర్ఐ అక్కర్లేదు. కానీ నేను ఎత్తలేని రోజు అమ్మ మంచం దిగదు. నా భయమంతా అదే.

మళ్లీ జనగామ వెళ్లాను. ఆ డాక్టరుకు ఒక చెడ్డ అలవాటుంది, అడిగితే నిజం చెబుతాడు. సూది వాపును తగ్గిస్తుంది తప్ప డిస్కును బాగుచెయ్యదన్నాడు. కాల్లోకి దిగే నొప్పి కొందరికి కొన్ని వారాలో, నెలలో తగ్గుతుందట, కొందరికి అసలు తగ్గదట. నాకు షుగరుంది కాబట్టి కొన్ని రోజులు అది పెరుగుతుంది, చూసుకోవాలి. నొప్పి లేని ఆ రోజుల్లో నడిచి, వ్యాయామం చేసి నడుమును గట్టిపరచుకుంటేనే ఫలితం. చివరికి, నొప్పి తగ్గితే ఏం చేసుకోవాలని ఉందని అడిగాడు. మా అమ్మను ఎత్తాలన్నాను.

"గదొక్కటి తప్ప ఏదన్న చెయ్యుండ్రి సార్," అన్నాడు. "నొప్పి తెల్వకుంట బరువెత్తితే ఉన్న నడుము గూడ పోతది."

అంటే దేనికోసం సూది కావాలనుకున్నానో, సరిగ్గా ఆ ఒక్క పనికే అది పనికిరాదు. ఇంత చక్కటి మందు కనిపెట్టినవాళ్లకు దండం పెట్టి బస్సెక్కాను.

ఇంటికొచ్చి అమ్మకు సూది సంగతి చెప్పాను. ఎత్తొద్దన్న మాట మాత్రం మింగేశాను. అమ్మ అంతా విని, "బోర్ల పండు. తొక్కుత," అంది.

పదో తరగతికి నరాల పాఠం చెప్పే పంతులు, మారుమాట లేకుండా మంచం పక్కన నేల మీద బోర్లా పడుకున్నాడు. నా భార్య అమ్మను మంచం అంచున కూర్చోబెట్టి, చచ్చుబడిన కాలును ఎత్తి నా నడుము మీద పెట్టింది. అలా మూడుసార్లు పెట్టింది. మోతుబరులను మూలిగించిన కాలు, ఇప్పుడు తడిగుడ్డంత బరువు కూడా లేదు. నాకు ఏడుపొచ్చింది. మొహం నేలకేసి ఉండడం ఎంత సౌకర్యమో అప్పుడు తెలిసింది.

"తగ్గిందా?" అంది అమ్మ.

"తగ్గిందే అమ్మా."



"తగ్గినోడు లేశి, వంగి చూస్కోని చెప్తడు కొడుకా. నువ్వు పండుకొనే చెప్పినవ్," అంది. తర్వాత నా భార్యతో, "రేపు పొద్దుగాల పక్కింటామెను పిలువు బిడ్డా. మీరిద్దరు పట్టి లేపుండ్రి. వీడు పొయ్యి సూది ఏయించుకోని వస్తడు," అంది.

ఆ కాలు ఇంకా నా నడుము మీదే ఉంది. తీయమని నేను చెప్పలేదు.